మీ వెబ్ యాప్‌కి తెలుగు: డిజైన్ నుంచి రిలీజ్ దాకా

యాప్ తెలుగులో కూడా కావాలని అడగ్గానే చాలా టీముల్లో జరిగేది ఒకటే. ఇంగ్లిష్ స్ట్రింగుల (తెర మీద కనిపించే మాటల) ఫైలు ఎవరికో పంపిస్తారు, తెలుగు ఫైలు తిరిగొస్తుంది, దాన్ని రిపోలో (కోడ్ దాచే చోట) పెట్టేసి రిలీజ్‌కి ముందు రోజు ఒకసారి తెరిచి చూస్తారు. అప్పటికి బటన్ల మీద వత్తులు తెగిపోయి ఉంటాయి, సెర్చ్‌లో ఉన్న పేరే దొరకదు, పీడీఎఫ్ బిల్లులో అక్షరాలు విడివిడిగా పడి ఉంటాయి, టెన్షన్ మొదలవుతుంది. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. ఇంతమంది చదివే లిపిని చివరి రోజు పనిగా వదిలెయ్యడం నాకు అస్సలు నచ్చదు. తెలుగు అంటే స్ట్రింగుల ఫైలు ఒక్కటే కాదు, డేటాబేస్‌లోనూ లేఅవుట్‌లోనూ రిలీజ్ ప్లాన్‌లోనూ మొదటి నుంచే దానికి చోటుండాలి. ఏ వరసలో చెయ్యాలో కింద రాశాను, వరస మార్చకుండా వెళ్తే పని తగ్గుతుంది.

1. ముందు పరీక్ష మాటలు రాసి పెట్టుకోండి

డిజైన్ ఫైలు తెరవకముందే చెయ్యాల్సిన పని ఇది. "నమస్తే", "స్వాగతం" లాంటి మాటలతో టెస్ట్ చేస్తే ఏ సమస్యా బయటపడదు, ఎందుకంటే వాటిలో వత్తులు చిన్నవి, లోతు తక్కువ. కష్టమైన మాటలు కావాలి: స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం, ఉష్ణోగ్రత, సంస్కృతి, లక్ష్మి, జ్ఞానం, వైద్యం, సాఫ్ట్‌వేర్, ప్రాజెక్ట్‌లు. ఒకదాని కింద ఒకటి వేలాడే వత్తులు, పైన గుడి, కింద ఋత్వం, మధ్యలో విడిగా నిలబడే పొల్లు, అన్నీ ఇందులో ఉన్నాయి. ఇవి ఒక ఫైల్లో పెట్టి, డిజైనర్‌కీ టెస్టర్‌కీ బ్యాకెండ్ వాళ్లకీ అదే ఫైలు ఇవ్వండి. తెలుగు చదవడం రాని టెస్టర్ ఉంటే, ప్రతి మాట ఎలా కనిపించాలో స్క్రీన్‌షాట్ కూడా పక్కన పెట్టండి. తేడా కంటితో పట్టుకోగలుగుతారు.

టెస్టింగ్‌లో లిపిని పక్కన పెడితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో అందరూ చూశారు. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో "జ్ఞా" అనే అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతాల వరసలో మెసేజ్‌గా వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడిపోయేది. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అంత పెద్ద సంస్థకే అలా జరిగిందంటే మన లిస్టులో "జ్ఞానం" తప్పకుండా ఉండాలి.

2. డేటా సంగతి తేల్చండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి, ఎందుకంటే సీఎస్‌ఎస్ తప్పు అరగంటలో సరిదిద్దొచ్చు, పాడైన డేటాని అలా సరిదిద్దలేం.

మనకి ఒక అక్షరంగా కనిపించేది కంప్యూటర్‌కి ఒకటి కాదు. "స్త్రీ" తీసుకోండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు యూనికోడ్ సంకేతాలు (యూనికోడ్ అంటే ప్రతి గుర్తుకీ ఒక నంబరిచ్చే ప్రమాణం). వాటిని దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే ఈ ఒక్క అక్షరానికి 18 బైట్లు. "వేంకటసుబ్రహ్మణ్యం" అన్న పేరులో కంటికి కనిపించేవి ఏడు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెంగ్త్ అడిగితే 17 అంటుంది. మీ ఫారంలో పేరు పెట్టెకి మ్యాక్స్‌లెంగ్త్ 20 అని ఉంటే ఇంగ్లిష్‌లో సరిపోతుందేమో, తెలుగులో ఇంటిపేరు పట్టదు. పేర్లకి, ఊళ్లకి ఉన్న పరిమితులన్నీ వెతికి కనీసం మూడింతలు చెయ్యండి. అప్‌లోడ్ చేసే ఫైళ్ల పేర్లు కూడా చూడండి: లైనక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌టీ4లో ఫైలు పేరు పరిమితి 255 బైట్లు, అంటే తెలుగులో 85 సంకేతాలు మాత్రమే.

అక్షరాలు లెక్కపెట్టాల్సి వచ్చినా, పొడుగు వాక్యాన్ని మధ్యలో కత్తిరించి చుక్కలు పెట్టాల్సి వచ్చినా స్లైస్ (స్ట్రింగుని ముక్క చేసే ఫంక్షన్) వాడొద్దు. అది సంకేతాల మధ్యలో ఎక్కడ పడితే అక్కడ నరుకుతుంది. మొదటి ముక్క పొల్లుతో ఆగిపోతుంది, రెండో ముక్క గుణింతపు గుర్తుతో మొదలవుతుంది, అలా ఒంటరిగా మిగిలిన గుర్తుని బ్రౌజర్ చుక్కల వలయం మీద చూపిస్తుంది. కంటికి కనిపించే అక్షరాల దగ్గరే విడగొట్టడానికి బ్రౌజర్లో ఇంటల్ సెగ్మెంటర్ ఉంది. క్రోమ్‌లో 2020 నుంచి, సఫారీలో 2021 నుంచి ఉన్నా, ఫైర్‌ఫాక్స్ 125 వచ్చిన 2024 ఏప్రిల్ నుంచే అన్ని పెద్ద బ్రౌజర్లలోనూ దొరుకుతోంది. సర్వర్ వైపు మీరు వాడే లైబ్రరీని కూడా "స్త్రీ"తో పరీక్షించండి. వత్తులన్నీ కలిపి ఒకే అక్షరంగా లెక్కించాలన్న నియమం యూనికోడ్ 15.1తో, అంటే 2023లో, ప్రమాణంలోకి వచ్చింది. పాత లైబ్రరీలు కొన్ని దాన్ని ఇంకా మూడు ముక్కలు చేస్తాయి.

తర్వాత నార్మలైజేషన్. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచొచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వం, దాని కింద విడి గుర్తు, ఇలా రెండు సంకేతాలుగా. కంటికి "వైద్యం" ఒకటే, పోల్చి చూస్తే వేరు. డేటాబేస్‌లోకి వెళ్లే ప్రతి తెలుగు స్ట్రింగ్‌నీ ముందు ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి జంటలని ఒకే సంకేతంగా కలిపే యూనికోడ్ ప్రామాణిక రూపం) మార్చండి, సెర్చ్ పెట్టెలో టైప్ చేసినదాన్ని కూడా అలాగే.

సెర్చ్‌లో ఇంకో చిక్కు ఉంది, ఇది రోజూ తగిలేది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట పొల్లుకీ వ అక్షరానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని సంకేతం ఉంటుంది. అది లేకపోతే వ కాస్తా వత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది. ఫోన్లో టైప్ చేసేవాళ్లలో కొంతమంది ఒకలా, కొంతమంది ఇంకోలా రాస్తారు. అందుకని సెర్చ్ ఇండెక్స్ కోసం విడిగా ఒక కాలమ్ పెట్టి అందులో ఈ నాన్ జాయినర్లు తీసేసిన రూపం దాచండి. తెర మీద చూపించే కాలమ్‌లో మాత్రం ముట్టుకోవద్దు. ఎవరో "కనిపించని చెత్త" శుభ్రం చేస్తున్నామనుకుని అసలు డేటాలోంచే తీసేస్తే యాప్ నిండా అక్షరాల రూపమే మారిపోతుంది.

పేజీ చిరునామాల కోసం టైటిల్ నుంచి స్లగ్ (చిరునామా చివర వచ్చే మాటలు) తయారుచేసే కోడ్ కూడా తెరిచి చూడండి. ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ తప్ప మిగతావన్నీ తీసేసే రెగెక్స్ (అక్షరాలని వెతికే నమూనా) అయితే తెలుగు టైటిల్‌కి ఖాళీ స్లగ్ వస్తుంది. "ఏ భాష అక్షరమైనా సరే" అని యూనికోడ్ లెటర్ వర్గం ఒక్కటే అనుమతిస్తే "తెలుగు" కాస్తా "తలగ" అవుతుంది, ఎందుకంటే గుణింతాలూ పొల్లూ లెటర్ వర్గంలో లేవు, మార్క్ వర్గంలో ఉన్నాయి. రెండు వర్గాలూ అనుమతించాలి. పైగా తెలుగు స్లగ్‌ని కాపీ చేస్తే ఒక్కో సంకేతం తొమ్మిది క్యారెక్టర్లుగా మారి లింకు బారెడవుతుంది. వాట్సాప్‌లో ఎక్కువగా షేర్ అయ్యే పేజీలైతే ఇంగ్లిష్ లిపిలో పొట్టి స్లగ్ లేదా ఉత్త నంబరు వాడటమే మంచిదని నా అభిప్రాయం.

3. పేర్లకి విభక్తులు అతికించకండి

ఇంగ్లిష్ టెంప్లేట్‌లో ఊరి పేరు దగ్గర ఖాళీ పెట్టి, ముందు ఇన్ అనో టు అనో రాస్తే సరిపోతుంది. తెలుగులో ఆ "లో", "కి" వెళ్లి పేరుకే అతుక్కుంటాయి. ఊరి పేరు వేరియబుల్ పక్కనే "లో" అని రాసిన టెంప్లేట్‌లోకి "హైదరాబాద్" వస్తే తెర మీద "హైదరాబాద్లో" అని పడుతుంది, ద కింద ల వత్తు చేరిపోతుంది. కోడ్‌లో చూస్తే ఏ తప్పూ కనిపించదు. "విజయవాడ"తో టెస్ట్ చేస్తే బయటపడనే పడదు. కావాల్సింది "హైదరాబాద్‌లో", అంటే పేరు పొల్లుతో ముగిస్తే మధ్యలో నాన్ జాయినర్ పెట్టాలి. ఇలాంటిదే కు, కి సమస్య: విజయవాడకు, గుంటూరుకు సరే, "తిరుపతికు" అని వస్తే చదివేవాళ్లకి రాయి తగిలినట్టుంటుంది.

ఫంక్షన్ రాసి సగం వరకు సంభాళించొచ్చు, కానీ నేను చెప్పేది టెంప్లేట్ మార్చమని. "హైదరాబాద్‌లో 12 ఇళ్లు" బదులు పైన "ఊరు: హైదరాబాద్", కింద "12 ఇళ్లు". విభక్తి అవసరమే రాదు. నోటిఫికేషన్లలో క్రియలు కూడా ముందే తేల్చుకోండి. అవతలివాళ్లు ఆడో మగో మనకి తెలియదు, "స్పందించారు", "పంపారు" అని గౌరవ రూపం వాడితే అందరికీ సరిపోతుంది, మర్యాదగానూ ఉంటుంది. ఏకవచనం, బహువచనం కోసం ప్లూరల్ రూల్స్ వాడండి. "1 ఫైళ్లు" అని ఇంకా ఎన్ని యాప్‌లలో కనిపిస్తోందో.

4. ఫాంట్

విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, ఆపిల్ పరికరాల్లో కోహినూర్ తెలుగు ఎలాగూ ఉంటాయి. లోపలి పనులకి వాడే డాష్‌బోర్డ్ అయితే ఇవే చాలు, వేరే ఫాంట్ దింపాల్సిన పని లేదు. జనం చదివే సైట్ అయితే నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు, ఈ మూడూ ఉచితంగా దొరుకుతాయి, ఇంటర్‌ఫేస్‌కి బాగుంటాయి. రామభద్ర లాంటి బొద్దు ఫాంట్లు శీర్షికలకే వాడండి. చిన్న సైజులో అక్షరాల లోపలి సందులు మూసుకుపోయి చదవలేం.

ఫాంట్ ఫైలు చిన్నది చేద్దామని అక్కర్లేని అక్షరాలు తీసేసి సబ్‌సెట్ చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫాంట్ లోపలి ఓపెన్‌టైప్ నియమాలు పోకూడదు, పోతే వత్తులు కిందకి దిగవు, ప్రతి చోటా పొల్లు బయటికి కనిపిస్తుంది. అలాగే యూనికోడ్ రేంజ్‌లో తెలుగు బ్లాకుతో పాటు జాయినర్, నాన్ జాయినర్, చుక్కల వలయం కూడా ఉంచండి. వీటిని మర్చిపోతే ఒకే మాట మధ్యలో బ్రౌజర్ వేరే ఫాంట్ వెతుక్కోవచ్చు.

తెలుగులో ఇటాలిక్ అనే సంప్రదాయం లేదు. ఫాంట్‌లో లేని ఇటాలిక్‌ని బ్రౌజర్ అక్షరాలు వంచి తనే తయారుచేస్తుంది, చూడ్డానికి బాగోదు. ఫాంట్ సింథసిస్ ఆపేసి, నొక్కి చెప్పాల్సినచోట రంగో బరువో వాడండి. లెటర్ స్పేసింగ్ సున్నాకి తెండి. ఇవన్నీ తెలుగుకి మాత్రమే వర్తించేలా రాయాలంటే పేజీకి లాంగ్ యాట్రిబ్యూట్ తెలుగు అని ఉండాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో తేల్చుకునేది కూడా దీన్ని బట్టే.

5. లేఅవుట్

ఇంగ్లిష్ డిజైన్ సిస్టమ్‌లో లైన్ హైట్ 1.2, 1.3 మామూలు. తెలుగుకి అది చాలదు. పేరాలకి 1.6 నుంచి 1.8 వరకు, శీర్షికలకి కనీసం 1.4 పెట్టి "రాష్ట్రం" కింద "ఉష్ణోగ్రత" వచ్చేలా రెండు లైన్లు రాసి చూడండి. పై లైను వత్తు కింది లైను తలకట్లని తాకకూడదు. అక్షరం సైజు 16 పిక్సెళ్ల కంటే తగ్గించకండి. ఇంగ్లిష్‌లో 12 పిక్సెళ్ల లేబుల్ చదవగలం, అదే సైజులో తెలుగు వత్తులు మచ్చల్లా కనిపిస్తాయి.

వత్తులు తెగేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, ఎత్తు పిక్సెళ్లలో బిగించిన బటన్లు, ఇన్‌పుట్ పెట్టెలు: ఎత్తు తీసేసి కనీస ఎత్తు, ప్యాడింగ్ పెట్టండి. రెండు, ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న కార్డు టైటిళ్లు. మూడు, రెండు లైన్లకి కుదించే లైన్ క్లాంప్. ఈ మూడోదానికి కింద ప్యాడింగ్ ఇస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ అలా చేస్తే దాచిపెట్టిన మూడో లైను తలకట్లు ఆ ఖాళీలోంచి తొంగిచూస్తాయి. లైన్ హైట్ పెంచడమే సరైన మందు.

వెడల్పు విషయానికొస్తే, 360 పిక్సెళ్ల ఫోన్లో కింద ఐదు ట్యాబులు పెడితే ఒక్కోదానికి 72 పిక్సెళ్లు. "నోటిఫికేషన్లు" అందులో ఇరుక్కుంటుంది. నాలుగు ట్యాబులకి తగ్గించండి, లేదా లేబుల్‌ని రెండు లైన్లకి వెళ్లనివ్వండి, కుదరకపోతే పొట్టి మాట వెతకండి. మాటల్ని ఎక్కడపడితే అక్కడ విరిచే వర్డ్ బ్రేక్ సెట్టింగ్ మాత్రం పెట్టకండి. తప్పనప్పుడు మాత్రమే విరిచే ఓవర్‌ఫ్లో ర్యాప్ వాడండి. శీర్షికల్లో చివరి లైన్లో ఒక్క మాటే మిగిలిపోవడం తెలుగులో ఎక్కువ, టెక్స్ట్ ర్యాప్ బ్యాలెన్స్ పెడితే లైన్లు సమంగా వస్తాయి. క్రోమ్‌లో 2023 నుంచి ఉంది, మిగతా బ్రౌజర్లలోకీ వచ్చేసింది, లేని పాత బ్రౌజర్లలో నష్టమేమీ లేదు.

6. టైపింగ్, అంకెలు, తేదీలు

ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లు చాలామంది. వాళ్లు కంప్యూటర్లో సూచనల జాబితాలోంచి మాట ఎంచుకోవడానికి ఎంటర్ నొక్కితే మీ సెర్చ్ పెట్టె సగం మాటతోనే వెతకడం మొదలుపెట్టకూడదు. కీబోర్డ్ ఈవెంట్‌లో కంపోజింగ్ జరుగుతోందా అన్నది చూసి, జరుగుతుంటే ఎంటర్‌ని పట్టించుకోకండి. ప్రతి కీకీ తప్పొప్పులు చూసే వాలిడేషన్‌కీ ఇదే సూత్రం.

అంకెలకి, తేదీలకి సొంత కోడ్ వద్దు. ఇంటల్ నంబర్ ఫార్మాట్‌కి తెలుగు లొకేల్ ఇస్తే 12,34,567 అని లక్షల లెక్కలోనే వస్తుంది. "నిన్న", "3 రోజుల క్రితం" కూడా బ్రౌజరే ఇస్తుంది. అంకెలు మామూలు 1, 2, 3 గానే ఉంచండి, తెలుగు అంకెలు ఇంటర్‌ఫేస్‌లో చదివే అలవాటు చాలామందికి లేదు. పేర్ల జాబితా వరసలో పెట్టడానికి ఇంటల్ కొలేటర్ వాడండి, ఉత్త సార్ట్ వాడితే సున్నా (ం) ఉన్న మాటలు అనుకోని చోట తేలతాయి.

7. బ్రౌజర్ బయట ఏం జరుగుతోందో చూడండి

క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ మూడూ హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌తో అక్షరాలని కూర్చుతాయి, కాబట్టి బ్రౌజర్లో తెలుగు సరిగ్గానే వస్తుంది. ఇబ్బంది పీడీఎఫ్ బిల్లులతోనూ, సర్వర్లో తయారయ్యే షేరింగ్ బొమ్మలతోనూ. షేపింగ్, అంటే వత్తులనీ గుణింతాలనీ వాటి చోట్లో కూర్చడం, చెయ్యలేని లైబ్రరీ అయితే సంకేతాలని వరసగా పేర్చేస్తుంది, "రాష్ట్రం" చదవలేని రూపంలో వస్తుంది. సులువైన దారి, బిల్లుని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా రాసి హెడ్‌లెస్ క్రోమ్‌తో (తెర లేకుండా నడిచే క్రోమ్) పీడీఎఫ్ చేయించడం. ఆ సర్వర్లో తెలుగు ఫాంట్ ఇన్‌స్టాల్ చేసి ఉండాలి, లేకపోతే అన్నీ డబ్బాలే.

ఎస్‌ఎమ్‌ఎస్ కూడా మర్చిపోవద్దు. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 క్యారెక్టర్లు, తెలుగు సంకేతం ఒక్కటి చేరినా 70కి పడిపోతుంది. ఒక మెసేజ్ దాటితే ఖర్చు పెరుగుతుంది, కాబట్టి ఓటీపీ వాక్యం తెలుగులో వీలైనంత పొట్టిగా రాయండి.

8. రిలీజ్

అంతా ఒకేసారి వదలొద్దు. మొదటి రిలీజ్‌లో తెర మీద ఏమీ మారదు, డేటాబేస్ పని ఒక్కటే: కాలమ్ పరిమితులు, నార్మలైజేషన్, సెర్చ్ కాలమ్. బ్యాకప్ తీసుకుని, పాత రూపం కొన్నాళ్లు పక్కన ఉంచి చెయ్యండి. రెండో రిలీజ్‌లో లైన్ హైట్, కనీస ఎత్తులు లాంటి లేఅవుట్ మార్పులు, ఇవి ఇంగ్లిష్ వాడేవాళ్లకి కూడా వెళ్తాయి, ఏదైనా చెడిపోతే అప్పుడే తెలుస్తుంది. మూడో రిలీజ్‌లో తెలుగు భాష, ఫీచర్ ఫ్లాగ్ (ఎవరికి కనిపించాలో మనం తిప్పే స్విచ్) వెనకాల, ముందు మీ ఆఫీసులో తెలుగు చదివేవాళ్లకి, తర్వాత కొద్దిమంది యూజర్లకి, ఆ తర్వాత అందరికీ.

వెర్షన్ నంబర్ల దగ్గర నిజాయితీగా ఉండండి. తెగిన వత్తు సరిచేస్తే అది ప్యాచ్. వరస మారినా, సెర్చ్ ఫలితాలు మారినా యూజర్‌కి తెలిసే మార్పే, అది రిలీజ్ నోట్స్‌లో ఉండాలి, తెలుగులో ఉండాలి, "పనితీరు మెరుగుపరిచాం" అని కాకుండా "ఇకమీదట పేరు ఎలా టైప్ చేసినా దొరుకుతుంది" అని రాయాలి.

సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులు నడిపే మెషీన్లో) పరీక్ష మాటల పేజీకి బ్రౌజర్ టెస్టింగ్ టూల్ ప్లేరైట్‌తో స్క్రీన్‌షాట్ తీసి పాతదానితో పోల్చే టెస్ట్ పెట్టండి. సీఐ మెషీన్లో తెలుగు ఫాంట్ లేకపోతే డబ్బాలని డబ్బాలతో పోల్చి పాస్ అయిపోతుంది, కాబట్టి మొదటి స్క్రీన్‌షాట్ మనిషి చూసి ఒప్పుకోవాలి.

9. ఏ వార్తలు గమనించాలి

ఫ్రేమ్‌వర్కుల కొత్త వెర్షన్ల మీద చర్చలన్నీ చదవాల్సిన పని లేదు. తెలుగు యాప్‌కి ముఖ్యమైనవి యూనికోడ్ కొత్త వెర్షన్లు, ఇవి ఈమధ్య సెప్టెంబరులో వస్తున్నాయి, భాషలవారీగా తేదీలూ అంకెలూ ఎలా రాయాలో చెప్పే, ఏడాదికి రెండుసార్లు వచ్చే సీఎల్‌డీఆర్ డేటా, దాన్ని వాడుకునే ఐసీయూ లైబ్రరీ. వీటిలో చిన్న మార్పు జరిగినా ఎంత దూరం పోతుందంటే, 2022 చివర్లో ఐసీయూ 72 ఇంగ్లిష్ టైములో ఏఎమ్, పీఎమ్‌ల ముందున్న స్పేస్‌ని వేరే రకం సన్న స్పేస్‌గా మార్చింది. 2023లో అది క్రోమ్ 110లోకి రాగానే ఆ టైముని చదువుకునే కోడ్ చాలా సైట్లలో విరిగింది, బ్రౌజర్ వాళ్లు ఆ మార్పుని వెనక్కి తీయాల్సి వచ్చింది. అందుకే ఫార్మాట్ చేసిన తేదీని మళ్లీ కోడ్‌తో చదవొద్దు, టెస్టుల్లో ఆ స్ట్రింగ్‌ని అక్షరం అక్షరం పోల్చొద్దు. కొత్త సీఎస్‌ఎస్ ఫీచర్ వాడాలా వద్దా అన్నదానికి బేస్‌లైన్ గుర్తు చూడండి: అన్ని ముఖ్య బ్రౌజర్లలోకీ వచ్చి 30 నెలలు దాటితే "విస్తృతంగా అందుబాటులో ఉంది" అంటారు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు వాడే యూజర్లు ఎక్కువైతే అదే మీ కొలత.

10. మొదటి వారం

సెర్చ్‌లో సున్నా ఫలితాలు వచ్చిన తెలుగు మాటలన్నీ లాగ్ చేసి రోజూ చదవండి. అందులో చాలా నాన్ జాయినర్ వల్లో, స్పెల్లింగ్ తేడా వల్లో ఉంటాయి, సమానార్థకాల జాబితా అక్కడి నుంచే తయారవుతుంది. తెలుగుకి మారి వెంటనే ఇంగ్లిష్‌కి తిరిగి వెళ్లినవాళ్లు ఏ పేజీలో ఉండగా మారారో చూడండి, చాలాసార్లు అది ఫారం పేజీయో పేమెంట్ పేజీయో అయి ఉంటుంది, అక్కడి మాటలు మళ్లీ రాయించండి. ఫిర్యాదు వస్తే ఫోన్ మోడల్, బ్రౌజర్ వెర్షన్‌తో పాటు స్క్రీన్‌షాట్ అడగండి. కాపీ చేసి పంపిన టెక్స్ట్ మీ మెషీన్లో మీ ఫాంట్‌తో సరిగ్గానే కనిపిస్తుంది, వాళ్ల ఫోన్లో ఏం తెగిందో మీకు తెలియదు.